రంజిత్ ఓడ నిజంగానే పాడేదా? మా నాయన మాట మీద ఒక డౌటు

తుమ్మలపెంట_అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది కావలి దగ్గర. మా నాయన నేవీలో 15 ఏళ్ళు చేసినాడు, అందులో 86 నుంచి 91 దాకా ఐఎన్ఎస్ రంజిత్ మీద, ఇంజిన్ రూమ్ సెయిలర్. ఇప్పుడు ఆయనకి 68 నడస్తా ఉంది, మోకాళ్ళు తప్ప అంతా బాగానే ఉండాడు. చిన్నప్పటి నుంచి మాకు ఒకటే మాట చెప్తా ఉండేవాడు, "మా ఓడ పాడేదమ్మా, జెట్టీ మీద నిలబడితే ఎవరొస్తున్నారో చూడకుండానే చెప్పొచ్చు, మిగతా ఓడలు ఏడస్తాయి, మాది పాడతాది" అని. మేం నవ్వేవాళ్ళం గానీ ఆయన నవ్వేవాడు కాదు, సీరియస్‌గానే చెప్పేవాడు.

ఇప్పుడు విషయం ఏందంటే మా పిల్లోడు ఎనిమిదో క్లాసు, వాడికి ఓడలూ మిసైళ్ళూ పిచ్చి. మొన్న ఫోన్లో ఏదో చూసి "తాతా నీ ఓడ రష్యా వాళ్ళు పాతది ఐపోయిందని మనకి అమ్మేసినారంట, 1960ల మోడల్ అంట" అన్నాడు. పిల్లోడు కదా, ఉన్నదున్నట్టు అనేసినాడు. నాయన ఏం మాట్లాడకుండా లేచి అరుగు మీదకి పోయి కూర్చున్నాడు, అన్నానికి పిలిస్తే కూడా వెంటనే రాలేదు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఆయన జీవితంలో మంచి ఐదేళ్ళు ఆ ఓడకి ఇచ్చినాడు, మేం పుట్టినప్పుడు కూడా ఇంట్లో లేడు.

అందుకే అడగతా ఉండా, తెలిసినోళ్ళు చెప్పండి. ఆ ఓడ నిజంగా పాత సరుకేనా, సెకండ్‌హ్యాండా? పాడేదనే మాటలో ఏదన్నా నిజం ఉందా? ఇంకోటి, మా బాబాయ్ పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ సబ్‌మెరైన్‌ని ముంచింది కూడా ఈ జాతి ఓడే, రాజ్‌పుత్ అని అంటాడు, నాయనేమో కాదు అది వేరే రాజ్‌పుత్ అంటాడు, ఇద్దరూ సంక్రాంతికి కలిసినప్పుడల్లా ఇదే గొడవ. ఇప్పుడు వాటిల్లో ఒక్కదాన్నన్నా చూపించే దారి ఉందా ఆయనకి?

ఒంగోలు_గాలి:
అక్కా, ముందు మీ నాయనకి చెప్పండి, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఓడలకి రష్యన్ నేవీలోనే పేరు "పాడే ఫ్రిగేట్లు" అని. వాళ్ళ భాషలోనే ఉంది ఆ మాట, మీ నాయన సొంతంగా కల్పించింది కాదు. ఆయనకి ఆ రష్యన్ పేరు తెలిసే ఛాన్స్ కూడా తక్కువ, చెవితో విని ఆయనే అనుకొని ఉంటాడు, అందుకే నాకు ఈ పోస్ట్ చదివితే చాలా నచ్చింది.

ఎందుకు పాడిద్దో చెప్తా. నేను గ్యాస్ టర్బైన్ల మీదే పని చేస్తా, ఓడ కాదు, కరెంటు ప్లాంటు, కానీ మెషిన్ జాతి ఒకటే. మామూలు పాత యుద్ధనౌకలో బాయిలర్ ఉంటది, నీళ్ళు మరిగించి ఆవిరి పుట్టించి ఆ ఆవిరితో టర్బైన్ తిప్పాలి. ఆవిరి సరిగా తయారవ్వటానికే గంటలు పట్టిద్ది, రేపు పొద్దున్నే బయల్దేరాలంటే రాత్రి నుంచే నిప్పు పెట్టాలి అన్నమాట. గ్యాస్ టర్బైన్ అట్లా కాదు, విమానం ఇంజిన్ లాగా గాలి పీల్చి నొక్కి ఇంధనం కాల్చి ఆ వేడి గ్యాసుతోనే రెక్కలు తిప్పిద్ది, నిమిషాల్లో రెడీ అయిద్ది. గాలిని నొక్కే కంప్రెసర్లో వరసలు వరసలుగా సన్నని రెక్కలుంటాయి, అవి నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే ఒక సన్నని కీచు లాంటి ఈల పుడతది, స్పీడు పెరిగేకొద్దీ ఆ శ్రుతి పైకి పోయిద్ది, తగ్గితే కిందకి దిగిద్ది. అట్లాంటివి నాలుగు ఒకే ఓడలో పెట్టారు. ఒక్కొక్కటి ఒక్కో స్పీడులో ఉంటే నాలుగు శ్రుతులు కలిసి వినపడతాయి. అదీ పాట.

ఇంక పాత మోడల్ సంగతి. ఇది కాస్త పెద్దగా చెప్పాలి, ఎందుకంటే పిల్లోడు చదివింది అబద్ధం కాదు, సగం నిజం, సగం నిజమే ఎక్కువ బాధ పెట్టిద్ది.

అసలు డిజైన్ సోవియట్ వాళ్ళది, ప్రాజెక్ట్ 61, నాటో వాళ్ళు కాషిన్ క్లాస్ అంటారు. మొదటి ఓడ 1962 ఆఖర్లో నేవీలో చేరింది. ఇప్పుడు పిల్లోడికి ఈ మాట చెప్పండి: పూర్తిగా గ్యాస్ టర్బైన్ల మీదే నడిచే పెద్ద యుద్ధనౌకలు ప్రపంచంలో అవే మొదటివి. బ్రిటన్ వాళ్ళు ఒక పాత ఫ్రిగేట్‌కి ప్రయోగం కోసం గ్యాస్ టర్బైన్లు బిగించింది 1968లో. అమెరికా వాళ్ళ స్ప్రూయాన్స్ క్లాస్ డిస్ట్రాయర్ వచ్చింది 1975లో. ఈ రోజు దాదాపు ప్రతి దేశం డిస్ట్రాయర్‌లో గ్యాస్ టర్బైన్ ఉంటది. అంటే అందరూ తర్వాత నడిచిన దారిలో మొదట అడుగేసింది ఈ ఓడే, దాన్ని పాత సరుకు అంటే నేను ఒప్పుకోను.

సోవియట్ వాళ్ళు తమ కోసం 20 కట్టుకొని 1970ల మొదట్లో ఆపేశారు. మనకి వచ్చిన ఐదూ వాళ్ళు వాడి వదిలేసినవి కావు, మన కోసమే కొత్తగా కట్టినవి, యుక్రెయిన్‌లో నికొలాయెవ్ అనే ఊళ్ళో, 61 కమ్యూనార్డ్స్ అనే షిప్‌యార్డ్‌లో. డిజైన్ కూడా మన నేవీ అడిగినట్టు మార్చారు, అందుకే దానికి వేరే నంబర్, 61ఎంఇ. వెనక వైపు ఉండాల్సిన 76 ఎంఎం గన్ తీసేసి ఆ జాగాలో హెలికాప్టర్ దిగే డెక్కు, దాని కిందనే హ్యాంగరు పెట్టారు. ముందు వైపు బ్రిడ్జికి, అంటే ఓడని నడిపే గదికి, రెండు పక్కలా ఓడల్ని కొట్టే స్టిక్స్ మిసైళ్ళ డబ్బాలు నాలుగు, ముందుకి చూసేటట్టు పెట్టారు. సోవియట్ వాళ్ళు తమ ఓడల్లో కొన్నిటికి తర్వాత ఇవే మిసైళ్ళు బిగిస్తే అవి వెనక్కి చూసేవి. మనది ఎదురెళ్ళి కొట్టే ఆలోచన, స్టిక్స్‌తోనే కదా 1971 డిసెంబర్ 4న మన చిన్న మిసైల్ బోట్లు కరాచీ దగ్గర పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ని ముంచింది.

వరస ఇదీ: రాజ్‌పుత్ 1980 మే 4, రాణా 1982, మీ నాయన రంజిత్ 1983 సెప్టెంబర్ 15, రణ్‌వీర్ 1986, రణ్‌విజయ్ 1987 డిసెంబర్. రంజిత్‌కి మొదటి కెప్టెన్ విష్ణు భగవత్, తర్వాత నేవీ చీఫ్ అయ్యాడు. పొడుగు 146 మీటర్ల పైన, బరువు దాదాపు 5,000 టన్నులు, 72,000 హార్స్‌పవర్, 35 నాట్ల స్పీడ్, అంటే గంటకి 65 కిలోమీటర్లు. మన కావలి నుంచి ఒంగోలు హైవే మీద ఆర్టీసీ బస్సు పోయే స్పీడు, ఐదు వేల టన్నుల ఇనుము నీళ్ళ మీద.

పెన్నా_ఒడ్డు:
గాలి అన్న చెప్పింది బాగుంది కానీ ఒక మాట నేను ఒప్పుకోను, అక్క బాధపడకూడదని అంతా మంచే చెప్తే పిల్లోడు రేపు ఇంకోచోట చదివి మళ్ళా తాతని అడగతాడు. విమానాల్ని కొట్టే మిసైల్ సిస్టమ్ మాత్రం 1980లకి పాతదే. వోల్నా అంటారు దాన్ని, నేల మీద వాడే ఎస్-125కి ఓడ వెర్షన్. నీళ్ళకి ఆనుకొని వచ్చే యాంటీషిప్ మిసైళ్ళు అప్పటికే వచ్చేసినాయి, వాటి ముందు అది కష్టమే. మన నేవీకి తెలీక కాదు కొన్నది, ఆ రోజుల్లో ఆ ధరకి ఆ సైజు ఓడ, ఆ స్పీడుతో, మన చేతికి ఇచ్చేవాళ్ళు వేరే ఎవరూ లేరు.

అట్లాగే పైన కట్టడం అంతా అల్యూమినియం మెగ్నీషియం కలిపిన లోహం, బరువు తగ్గించడానికి. అది నిప్పుకి తట్టుకోదు. 1974 ఆగస్టు 30న నల్ల సముద్రంలో అత్వాజ్నీ అనే కాషిన్ ఓడలో వెనక మిసైల్ గదిలో నిప్పంటుకొని ఐదు గంటలపైన కాలి మునిగిపోయింది, 24 మంది చనిపోయినారు. ఇంజిన్ రూమ్‌లో పనిచేసినోళ్ళకి ఈ భయం ఎప్పుడూ ఉంటుంది, మీ నాయన ఎప్పుడూ చెప్పకపోయి ఉండొచ్చు.

కానీ అక్కా, ఓడ పుట్టినప్పుడు ఎట్లా ఉంది అన్నదే లెక్క కాదు, తర్వాత ఏం చేయించుకున్నాం అనేది కూడా చూడాల. ఈ రోజు అందరూ చెప్పుకునే బ్రహ్మోస్‌ని మొట్టమొదట మోసిన ఓడ రాజ్‌పుత్, పక్కనున్న స్టిక్స్ డబ్బాలు తీసి బిగించినారు. 2008 డిసెంబర్ 18న బంగాళాఖాతంలో రణ్‌వీర్ మీద నుంచి బ్రహ్మోస్‌ని నిట్టనిలువుగా పైకి లేపినారు, ఓడ మీద నుంచి అట్లా నిలువుగా వదిలింది అదే మొదటిసారి. 1960ల డిజైన్ ఓడ మీద 2000ల మిసైల్. పిల్లోడికి ఇది చెప్పమ్మా, వాడికి మిసైళ్ళంటే ఇష్టం అన్నావు గదా.

సింగరాయకొండ_మెస్‌డెక్:
అమ్మాయ్, నేను రాజ్‌పుత్ మీద నాలుగేళ్ళు చేసినోణ్ణి, మీ నాయన లాగా ఇంజిన్ కాదు, నాది మిసైల్ వైపు. టైపింగ్ అలవాటు లేదు, తప్పులుంటే ఏమనుకోవద్దు.

ఘాజీ గొడవ ముందు తీర్చేద్దాం. మీ నాయనే కరెక్టు. 1971లో ఉన్న రాజ్‌పుత్ వేరు, అది బ్రిటిష్ వాళ్ళది, రెండో ప్రపంచ యుద్ధంలో రోథర్‌హ్యామ్ అని పేరు, 1949లో మనకొచ్చింది. దాంతో పాటు వచ్చినవి రాణా, రంజిత్, అవును రంజిత్ అనే పేరు కూడా అప్పుడే ఒకటి ఉంది, దాని అసలు పేరు రిడౌట్. ఆవిరి ఓడలు అవి. 71 డిసెంబర్ 3 రాత్రి ఆ పాత రాజ్‌పుత్ విశాఖ నుంచి బయటికి పోతా నీళ్ళ కింద ఏదో ఉందని అనుమానం వచ్చి డెప్త్ ఛార్జీలు, అంటే నీళ్ళ లోతులో పేలే బాంబులు, వేసింది, ఆ రాత్రే ఘాజీ పేలింది. డెప్త్ ఛార్జి వల్లనా, లోపల అదే పేలిందా అనేది ఈ రోజుకీ వాదనే. ఆ ఓడలు పోయినాక పేర్లు వృథా పోనివ్వకుండా రష్యా ఓడలకి పెట్టినారు. నేవీలో ఓడ పోతాది, పేరు పోదు. అందుకే మీ బాబాయ్‌కి కన్ఫ్యూజ్ అయింది, ఆయన తప్పు కూడా లేదు.

ఇంక ఓడ సంగతి. నువ్వు రాసింది చదవంగానే నాకు ఆ మీటర్లు కళ్ళ ముందు కనపడినాయి. అన్నీ రష్యన్ అక్షరాలు. ఇంగ్లీషు పి లాగా ఉంటే దాన్ని ర అని చదవాల, హెచ్ లాగా ఉంటే న, సి లాగా ఉంటే స. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి వారం ఇదే పాఠం. మేం చిన్న కాయితం ముక్కల మీద మన భాషలో రాసి పక్కన అంటించుకునేవాళ్ళం, తమిళోడు తమిళంలో, నేను తెలుగులో, ఒకే మీటర్ పక్కన మూడు భాషలు. మీ నాయన్ని అడుగు, రంజిత్‌లో కూడా అంతే అయ్యుంటాది.

నా పని లాంచర్ దగ్గర. అది చూడాల అమ్మాయ్. రెండు చేతుల లాంచర్, మిసైల్ ఎక్కించాలంటే ఆ చేతులు రెండూ ఆకాశానికి నిట్టనిలువుగా లేస్తాయి, కింద డెక్కులో మూతలు తెరుచుకుంటాయి, లోపల గదిలో నిలబెట్టిన మిసైళ్ళు కింద నుంచి పైకి జారి ఆ చేతులకి తగులుకుంటాయి, మళ్ళా చేతులు వంగి టార్గెట్ వైపు తిరుగుతాయి. మనిషి చెయ్యి పడకుండా. మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మ సాయంత్రం దీపం పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టుకునేది గుర్తొచ్చింది, అప్పటికి ఇల్లు వదిలి ఏడు నెలలు.

పాట విషయం గాలి బాబు చెప్పింది కరెక్టే కానీ ఇంజిన్ రూమ్‌లో పాట వినపడదు, అక్కడ రొద, చెవులకి మఫ్స్ పెట్టుకోవాల. పాట పైన డెక్కు మీద, గాలి పీల్చే చోట. నాలుగు పొగగొట్టాలు రెండు జతలుగా పక్కపక్కన ఉంటాయి మా ఓడలకి, వాటి దగ్గర వాచ్ డ్యూటీ ఉంటే బాగా తెలుస్తాది.

2019 మే 6న రంజిత్‌ని డీకమిషన్ చేసినప్పుడు, అంటే సర్వీసు నుంచి తీసేసినప్పుడు, నేను విశాఖ పోయినా, తెలిసినోళ్ళు పిలిస్తే. మొదట 83లో ఎక్కిన సిబ్బందిలో కూడా కొందరు వచ్చినారు. 36 ఏళ్ళ సర్వీసు, 2,190 రోజులు సముద్రం మీద, 7,43,000 నాటికల్ మైళ్ళు, భూమిని 35 సార్లు చుట్టినంత దూరం అని చెప్పినారు. శ్రీలంకలో పవన్ ఆపరేషన్, కార్గిల్ అప్పుడు తల్వార్ ఆపరేషన్, 2004 సునామీ, 2014 హుద్‌హుద్, అన్నిట్లో ఉంది ఆ ఓడ. పొద్దు కూకేటప్పుడు జెండా ఆఖరిసారి దించినారు. నా పక్కన ఒక ముసలాయన అటెన్షన్‌లో నిలబడి ఉండాడు, చేతికర్ర కింద పడిపోయినా వంగి తీసుకోలేదు, జెండా పూర్తిగా దిగేదాకా.

రాజ్‌పుత్ కూడా 2021 మే 21న పోయింది, 41 ఏళ్ళు. ఆ రోజు కరోనా, కొద్దిమందినే రానిచ్చినారు. నేను పోలేదు.

ఒంగోలు_గాలి:
మెస్‌డెక్ పెద్దాయనకి నమస్కారం. పాట డెక్కు మీదే వినపడిద్ది అన్నది నేను తెలుసుకున్నా, మా ప్లాంటులో కూడా ఇన్‌టేక్ దగ్గరే ఈల ఎక్కువ, లోపల గదిలో రొదే, ఆలోచిస్తే సరిపోయింది.

ఇంకోటి చెప్పాలి, ఆ టర్బైన్లు తయారైంది కూడా అదే నికొలాయెవ్ ఊళ్ళో. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు జోర్యా-మాష్‌ప్రోయెక్ట్. రంజిత్ తర్వాత మనం సొంతంగా ముంబైలో కట్టుకున్న ఢిల్లీ క్లాస్ డిస్ట్రాయర్లకీ, మొన్నమొన్న వచ్చిన విశాఖపట్నం క్లాస్‌కీ వాళ్ళ టర్బైన్లే. అంటే మీ నాయన 86లో చేతులు నల్లగా చేసుకొని నేర్చుకున్న పనే మన నేవీలో తర్వాతోళ్ళకి పునాది. పెద్ద ఓడలంటే ఆవిరివే ఉన్న నేవీకి అంత పెద్ద ఓడ మీద గ్యాస్ టర్బైన్ ఎట్లా నడపాలో, ఎట్లా విప్పి బిగించాలో మొదట నేర్పిన స్కూల్ ఈ ఐదు ఓడలు. మనవడికి చెప్పాల్సింది ఇదే అనుకుంటా.

గూడూరు_నిమ్మతోట:
చూపించే దారి అడిగారు కదా. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, లోపలికి పోయి చూడొచ్చు కానీ దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాల, మోకాళ్ళ నొప్పి అంటున్నారు కాబట్టి ఆలోచించుకోండి. దాని ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం. డిసెంబర్ 4 నేవీ డే అప్పుడు బీచ్‌లో ఓడల విన్యాసాలు చేయిస్తారు, ఒడ్డు నుంచే కనపడతాయి, ఆ ఏడాది ఎక్కడ చేస్తున్నారో ముందు కనుక్కొని పోండి, అన్నిసార్లూ విశాఖలోనే ఉండదు. నేను మా మామని తీసకపోయినా ఒకసారి, ముందు రోజు పోయి రూమ్ తీసుకోండి, ఆ రోజు జనంలో పెద్దోళ్ళు నిలబడలేరు, మడిచే కుర్చీ ఒకటి పట్టుకుపోండి.

తుమ్మలపెంట_అమ్మాయి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నాలు ఐనాక ఈ రిప్లైలన్నీ నాయనకి చదివి వినిపించినా, పిల్లోడు కూడా పక్కనే కూర్చున్నాడు. ఆ లాంచర్ చేతులెత్తే దగ్గర నాయన తన చేతులు రెండూ పైకెత్తి వాడికి చూపించినాడు. కాయితం ముక్కల గురించి చదివితే "మాకు మలయాళం కూడా ఉండేది" అన్నాడు. నిప్పు గురించి చదివేటప్పుడు మాత్రం చెయ్యి ఊపి తర్వాతది చదవమన్నాడు.

పెన్నా ఒడ్డు అన్న రాసింది దాచకుండా చదివినా. నాయన దానికి కోపం తెచ్చుకోలేదు, "నిజమే, మిసైల్ సంగతి మా ఆఫీసర్లే అనుకునేవాళ్ళు, ఇంజిన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు.

తర్వాత మా పిల్లోడు వెతికి ఒక వీడియో పెట్టినాడు, రష్యా వాళ్ళ కాషిన్ ఓడ, సెవస్తపోల్‌లో రేవు దాటతా ఉండేది. ఫోన్ సౌండ్ అంతా పెంచి నాయన చెవి దగ్గర పెట్టినాడు. సన్నగా ఒక ఈల, గాలి హోరు వెనక. నాయన కళ్ళు మూసుకొని విన్నాడు. వాడు "తాతా ఇప్పుడు స్పీడ్ పెంచతా ఉండారా" అంటే "కాదురా, దింపతా ఉండారు, విను, రెండోది ఆపేసినారు" అన్నాడు. వాడు మళ్ళా మొదటి నుంచి పెట్టినాడు. రెండోది ఎక్కడ ఆగిందో వాడికి వినపడే దాకా ఐదారు సార్లు పెట్టించుకున్నారు ఇద్దరూ, నేను గిన్నెలు తోముకొని వచ్చినా ఇంకా అదే.

మడిచే కుర్చీ మా ఇంట్లో ఉంది. డిసెంబర్‌కి టికెట్లు ఎన్ని రోజుల ముందు తెరుస్తారో ఎవరన్నా చెప్పండి, కావలిలో ఆగే రాత్రి రైలు ఐతే బాగుంటాది, కింద బెర్తు కావాల.